అన్నయ్యా అని పిలిచే గొంతు



జపాను యానిమేషన్ సిరీస్‌లు చూసే కుర్రకారు నలుగురు ఒకచోట చేరితే మాటలు ముందు ఇష్టమైన సిరీస్ దగ్గర మొదలవుతాయి. వన్ పీస్ గొప్పదా, నరూటో గొప్పదా, ఇంతవరకు ఏమీ చూడనివాళ్లకు ముందుగా ఏది చూపించాలి అని కాసేపు వాదులాట. తర్వాత సబ్బా, డబ్బా అన్న తగవు. జపనీస్ మాటలే వింటూ తెర కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకోవడం మేలా, మనకు తెలిసిన భాషలోకి మార్చిన మాటలు వినడం మేలా అని. చివరికి ఎవరి దగ్గర ఏ బొమ్మలున్నాయి, ఏ మాంగా (జపాను బొమ్మల కథల) సంపుటాలున్నాయి, ఎంత పెట్టి కొన్నారు అన్నదగ్గరికి చేరుతుంది. ఈ మూడింటిలో నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది రెండోది, గొంతు సంగతి. ఇవాళ ప్రధానంగా దాని గురించే చెబుతాను. రేడియో వినేవాళ్లకు గొంతు విలువ వేరే చెప్పనక్కర్లేదు కూడా.

జపాను యానిమేషన్‌నే యానిమే అంటారు. ఆ మాట ఎప్పుడూ వినని పెద్దలు సైతం యానిమే చూసే ఉంటారు. 1990ల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన జంగిల్ బుక్ గుర్తుందా? కథ కిప్లింగ్ రాసింది, అడవి మన దేశపుది, మాటలు హిందీవి. బొమ్మలు గీసింది మాత్రం టోక్యోలోని నిప్పన్ యానిమేషన్ సంస్థ. 1989లో జపాను టీవీలో మొదలై 52 భాగాలు నడిచింది. హిందీలో దానికి గుల్జార్ పాట రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు, షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు ఇచ్చారు. హిందీ ముక్క రాని తెలుగు ఇళ్లలో కూడా పిల్లలు ఆ పాటను తప్పుల్లేకుండా పాడేవారు. షేర్‌ఖాన్ నోరు తెరిస్తే జంకేవారు. అర్థం తెలియకపోయినా గొంతు పని చేసింది.

తర్వాత కేబుల్ ఛానెళ్లు వచ్చాయి. పోకెమాన్ వచ్చింది. డోరేమాన్, షిన్‌చాన్ తెలుగు మాటలతోనే మన ఇళ్లలోకి వచ్చారు. ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు యువతీయువకుల్లో చాలామందికి డోరేమాన్‌లోని నోబితా ఏడుపు తెలుగు ఏడుపే. షిన్‌చాన్ వాళ్లమ్మను విసిగించింది తెలుగులోనే. ఇప్పుడైతే క్రంచీరోల్ వంటి వేదికల్లో సోలో లెవెలింగ్ లాంటి సిరీస్‌లకు తెలుగు ఆడియో ఉంది. 2025 సెప్టెంబరు 12న డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ సినిమా మన దేశంలో విడుదలైనప్పుడు జపనీస్, ఇంగ్లీషు, హిందీ, తమిళంతో పాటు తెలుగులో కూడా ఆడింది. అభిమాన హీరో సినిమాకు వెళ్లినట్టు దానికి తెల్లవారుజామున ఆటలకు వెళ్లినవాళ్లున్నారు.

ఇంత దూరం వచ్చాక కూడా, తెలుగు డబ్బింగు చూస్తాను అని మన అభిమానుల మధ్య ఎవరైనా అంటే ముఖాలు అదోలా పెడతారు. అసలైన అభిమాని జపనీస్‌లోనే చూడాలని ఒక పట్టుదల. ఈ పట్టుదల ఎక్కడ పుట్టిందో చూడాలి.

అది అమెరికాలో పుట్టింది. 1977లో లాస్ ఏంజెలెస్‌లో కొందరు అభిమానులు కలిసి కార్టూన్ ఫాంటసీ ఆర్గనైజేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. అప్పుడప్పుడే వీడియో రికార్డర్లు ఇళ్లలోకి వస్తున్నాయి. జపానులో ఉన్న స్నేహితులకు స్టార్ ట్రెక్ లాంటి అమెరికన్ సీరియళ్లు క్యాసెట్ల మీద పంపి, బదులుగా యానిమే క్యాసెట్లు తెప్పించుకునేవారు. కింద అనువాదం ఉండేది కాదు. కథ తెలిసినవాళ్లు కాగితాల మీద సారాంశం రాసి పంచిపెడితే, అది చేతిలో పట్టుకుని చూసేవారు. తర్వాత ఇంటి కంప్యూటర్ల సాయంతో అభిమానులే అక్షరాలు వేయడం మొదలుపెట్టారు. అదే కాలంలో అమెరికన్ టీవీలో వచ్చే ఇంగ్లీషు డబ్బింగుల్లో కథలు కోసేసేవారు, పేర్లు మార్చేసేవారు, చావులు దాచేసేవారు. పోకెమాన్‌లో పిల్లలు తింటున్న అన్నం ముద్దలను ఇంగ్లీషులో జెల్లీ డోనట్లు అని చెప్పించిన సంగతి అభిమానులందరికీ తెలుసు. తెర మీద తెల్లటి అన్నం కనిపిస్తూనే ఉంటుంది. ఇలాంటివి చూసి మండిపోయిన అమెరికన్ అభిమానికి డబ్బింగు అంటే మోసం అనిపించడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ కోపం ఆ దేశపు అనుభవం. అన్నం ముద్దను అన్నం ముద్ద అని చెప్పడానికి తెలుగువాళ్లకు అడ్డేముంది? మనకు డబ్బింగుతో ఉన్న చరిత్ర వేరు. 1950లో ఆహుతి అనే సినిమాను హిందీ నుంచి తెలుగులోకి డబ్ చేశారు. తెలుగులో తొలి డబ్బింగు చిత్రం అదే. దానికి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. మహాకవి చేయి పడిన పని అది. తర్వాత రచయిత రాజశ్రీ ఘర్షణ, ప్రేమికుడు లాంటి తమిళ చిత్రాల పాటలను, అవి తెలుగులోనే పుట్టాయనిపించేట్టు రాశారు. కమలహాసన్‌కు బాలసుబ్రహ్మణ్యం చెప్పిన మాటలు, బాషాలో రజనీకాంత్‌కు సాయికుమార్ చెప్పిన మాటలు మనకు అరువు గొంతులు అనిపించలేదు. ఆ నటుల తెలుగు గొంతు అదే అనుకున్నాం. ఇంత పునాది ఉన్నవాళ్లం, డబ్బింగు అనగానే చిన్నచూపు చూడడం న్యాయం కాదు. నాసిరకం డబ్బింగును తిట్టండి, నేనూ తిడతాను. డబ్బింగు అనే పనినే తక్కువ చేయకండి.

ఇప్పుడు కొంచెం పనితనం సంగతి. సినిమా నటుల ముఖాల మీద డబ్బింగు రాయడం చాలా కష్టం. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి. తెర మీద నటుడి పెదవులు కలిసిన చోటల్లా తెలుగు మాటలో కూడా అలాంటి అక్షరం పడాలి. లేకపోతే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. డబ్బింగు రచయితల ప్రాణం తోడేసే నిబంధన ఇదే. యానిమేలో ఈ బాధ చాలా తక్కువ.

ఎందుకంటే యానిమే పాత్రల నోరు ఎక్కువగా మూడే రకాలుగా గీస్తారు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు. ఈ పొదుపుకు మూలం 1963 జనవరి 1న జపాను టీవీలో మొదలైన తెత్సువాన్ ఆతోము. బయటి దేశాలకు ఆస్ట్రో బాయ్‌గా తెలిసినది. దాని కర్త ఒసాము తెజుకాకు వారం వారం ఒక ఎపిసోడ్ ఇవ్వాల్సి వచ్చింది. డబ్బు తక్కువ, మనుషులు తక్కువ. సెకనుకు 24 ఫ్రేములు నడిచే ఫిల్ములో ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలబెట్టి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఒకసారి గీసిన బొమ్మలను దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడారు. ముఖం కదలకుండా నోరు మాత్రం ఆడించారు. చవక కోసం వచ్చిన పద్ధతే అయినా, దానివల్ల ఒక మేలు జరిగింది. బొమ్మ కదలిక తగ్గిన మేరకు ప్రాణం పోసే బాధ్యత గొంతు మీద పడింది.

జపానులో సాధారణంగా బొమ్మ ముందు, గొంతు తర్వాత. నటులు స్టూడియోలో తెర ముందు నిలబడి, చేతిలో స్క్రిప్టు పట్టుకుని, మూడు నాలుగు మైకుల దగ్గరికి వంతులవారీగా వచ్చి చెబుతారు. పేజీ తిప్పిన చప్పుడు పడకూడదు. పక్కవాడికి అడ్డం రాకూడదు. చాలాసార్లు బొమ్మలు పూర్తికాకముందే రికార్డింగు రోజు వచ్చేస్తుంది. అప్పుడు తెర మీద చిత్తుగీతలు, ఎవరి మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చూపే గుర్తులు మాత్రమే ఉంటాయి. ముఖమే లేని గీతను చూస్తూ ఏడవాలి. అరవాలి. ఆ పని చేసేవాళ్లను అక్కడ సెయ్యూ అంటారు. వాళ్లకు సినిమా తారలతో సమానంగా పేరుంది. మసాకో నొజావా అనే ఆవిడ 1936లో పుట్టారు. డ్రాగన్ బాల్‌లో గోకు పాత్రకు 1986 నుంచి ఆవిడదే గొంతు. గోకు కొడుకులు గోహాన్, గోతెన్‌లకు కూడా ఆవిడే చెబుతారు. ఒకే సన్నివేశంలో తండ్రీకొడుకులు ముగ్గురూ మాట్లాడుకుంటే, మూడు గొంతులూ ఒక స్త్రీవే.

ఇక నేను అసలు చెప్పదలచిన మాట. జపనీస్ యానిమేకు ఇంగ్లీషు కంటే తెలుగు బాగా నప్పుతుంది. ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. వాక్యం కట్టులోనే ఉంది.

జపనీస్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది. తెలుగులోనూ అంతే. ఒక పాత్ర వణుకుతున్న గొంతుతో వాక్యం మొదలుపెట్టి, కర్త చెప్పి, కర్మ చెప్పి, ఆగి, చివరికి చంపాననో, చంపలేకపోయాననో చెబుతుంది. ఆ ఆఖరి మాట వరకు ఎదుటివాడు ఊపిరి బిగపట్టుకుని ఉంటాడు. దర్శకుడు ఆ విరామాన్ని లెక్కపెట్టుకునే ఎదుటివాడి ముఖాన్ని తెర మీద చూపిస్తాడు. ఇంగ్లీషులో ఆ క్రియ వాక్యం మొదట్లోనే బయటపడిపోతుంది. మిగిలిన సమయం ఏదో ఒకటి చెప్పి నింపాలి. తెలుగులో అయితే విరామం విరామంగానే ఉంటుంది, దెబ్బ తగలాల్సిన చోటే తగులుతుంది. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి, మాట ముగిసేటప్పుడు తెర మీద నోరు తెరిచి ఉన్నా చెవికి సరిపోతుంది.

దీనికన్నా ముఖ్యమైనది వరసలు. ఇంగ్లీషులో బ్రదర్ అంటే అన్నో తమ్ముడో తెలియదు. జపనీస్‌లో అన్న వేరు, తమ్ముడు వేరు, అక్క వేరు, చెల్లెలు వేరు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను పేరు పెట్టకుండా వరసతో పిలుస్తారు. మాస్టారిని మాస్టారనే పిలుస్తారు. పేరు చివర గారు లాంటి గౌరవ పదం తగిలిస్తారు. నువ్వు, మీరు, ఒరేయ్ అన్న తేడాల వంటివి వాళ్లకూ ఉన్నాయి. నిన్నటిదాకా మీరు అన్నవాడు ఇవాళ నువ్వు అన్నాడంటే కథ మలుపు తిరిగిందన్నమాట. ఇంగ్లీషు ఒక్క యూతో ఆ మలుపును తుడిచేస్తుంది. తెలుగు తుడవక్కర్లేదు.

1988లో ఇసావో తకాహాటా తీసిన గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ అన్న సినిమా ఉంది. 1945లో కోబే నగరం మీద బాంబులు పడి, తల్లి పోయి, పద్నాలుగేళ్ల సెయితా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో మిగులుతారు. ఇద్దరూ ఒక గుహలో తలదాచుకుంటారు. తిండి లేక ఆ పాప నీరసించిపోతుంది. సెత్సుకోకు గొంతు ఇచ్చింది అయానో షిరాయిషి అనే ఐదారేళ్ల పిల్ల. అంత చిన్నపిల్ల బొమ్మ చూసి సరిగ్గా సమయానికి మాట చెప్పలేదని, మామూలు పద్ధతికి విరుద్ధంగా ముందు ఆ పాప మాటలు రికార్డు చేసి, తర్వాత వాటికి తగ్గట్టు బొమ్మలు గీశారు. అందుకే ఆ నవ్వు, ఆ మారాం, ఆ వగర్పు నిజం పిల్లవి. సినిమా అంతా ఆ పాప అన్నయ్యా, అన్నయ్యా అని పిలుస్తూనే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ పిలుపుకు సరైన మాట లేదు. బ్రదర్ అని పిలిచే నాలుగేళ్ల పిల్ల ఏ ఇంట్లోనూ ఉండదు, అలాగని పేరు పెట్టి పిలిపిస్తే అనుబంధం పలచబడుతుంది. తెలుగులో అన్నయ్యా అన్న పిలుపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఈ సినిమా చూడనివాళ్లు తప్పక చూడండి. చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మాత్రం వద్దు.

కొత్తవాళ్లకు ముందు ఏ సిరీస్ చూపించాలన్న ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్. హిరోము అరకావా అనే రచయిత్రి గీసిన మాంగా ఆధారంగా 2009, 2010 సంవత్సరాల్లో 64 భాగాలుగా వచ్చింది. చనిపోయిన తల్లిని రసవాదంతో మళ్లీ బతికించబోయి, ఎడ్వర్డ్ ఒక కాలూ చేయీ పోగొట్టుకుంటాడు. తమ్ముడు ఆల్ఫాన్స్ మొత్తం ఒళ్లే పోగొట్టుకుంటాడు. తమ్ముడి ప్రాణాన్ని అన్న ఒక ఇనుప కవచంలో నిలబెడతాడు. పోయిన ఒళ్లు తిరిగి తెచ్చుకోవడానికి ఇద్దరూ చేసే ప్రయాణమే కథ. 2003లో ఇదే కథ ఒకసారి సిరీస్‌గా వచ్చింది. అప్పటికి మాంగా పూర్తికాలేదు కాబట్టి అది మధ్యలో వేరే దారి పట్టింది. రెండోది మాంగాను చివరిదాకా అనుసరించింది.

అందులో ఆల్ఫాన్స్‌ను గమనించండి. కవచానికి ముఖం లేదు, పెదవులు లేవు, కన్నీళ్లు రావు. చూడడానికి అందరికన్నా భారీగా, భయంకరంగా ఉంటాడు. లోపల ఉన్నది పసివాడు. ఆ పసితనం ప్రేక్షకుడికి తెలియాలంటే ఒక్క గొంతే ఆధారం. జపనీస్‌లో ఆ గొంతు రియె కుగిమియాది. అన్న ఎడ్వర్డ్ గొంతు రోమి పాక్‌ది. ఇద్దరూ స్త్రీలే. ఇనుము లోపల మోగినట్టు వచ్చే ఆ సన్నటి గొంతు అన్నయ్యా అని పిలిచిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. తెలుగులో ఆ పాత్రను ఎవరు చెబుతారో వారు అదృష్టవంతులు. పెదవుల గొడవే లేదు. తెర మీద ముఖమే లేదు. మన తెలుగు మాట ఎంత దూరం పోగలదో అక్కడ పూర్తిగా చూపించవచ్చు.

మరి ఇప్పుడు వస్తున్న తెలుగు డబ్బింగులు ఎలా ఉన్నాయి? కొన్ని బాగున్నాయి. పోరాట సన్నివేశాల్లో మన కళాకారులు గొంతు చించుకుని చేస్తున్న శ్రమ వినబడుతుంది. మాటల రచనే చాలాచోట్ల వెనకబడుతోంది. నువ్వు దీన్ని చేయగలవని నేను నమ్ముతున్నాను అని ఒక పాత్ర అంటే, అది ఇంగ్లీషు వాక్యం తెలుగు అక్షరాల్లో వచ్చిందని చెవి పట్టేస్తుంది. నీవల్ల అవుతుందిరా అంటే చాలు. పాత్ర పల్లెటూరి బొగ్గుల కుర్రాడైనా, రాజవంశపు యువకుడైనా ఒకే పుస్తకాల భాష మాట్లాడడం ఇంకో లోపం. జపనీస్‌లో ఒసాకా వైపు వాళ్లకు వేరే యాస ఉంటుంది, ముసలివాళ్లకు వేరే పలుకుబడి ఉంటుంది. మనకు శ్రీకాకుళం ఉంది, గోదావరి ఉంది, రాయలసీమ ఉంది, తెలంగాణ ఉంది. వాటిని హాస్యానికీ, రౌడీ పాత్రలకూ మాత్రమే వాడే అలవాటు మానుకుని, మంచి పాత్రలకూ ఇస్తే ఎంత కళకళలాడుతుంది!

జపనీస్ నుంచి నేరుగా తెలుగులోకి రాసేవాళ్లు మనకు కావాలి. హైదరాబాదులో ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో జపనీస్ నేర్పుతున్నారు. యానిమే మీద ఇష్టంతోనే ఆ భాష మొదలుపెట్టిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో తెలుగు బాగా రాయగలిగినవాళ్లను పిలిచి డబ్బింగు రచయితల పక్కన కూర్చోబెడితే, రెండు భాషల మధ్య ఇంగ్లీషు అనే చుట్టుదారి అక్కర్లేదు. పెద్ద హీరోలతో చెప్పించడం మీద కూడా నాకు ఒక అభిప్రాయం ఉంది. లయన్ కింగ్‌కు నాని, ముఫాసాకు మహేశ్‌బాబు గొంతు ఇచ్చారు. జనం వెళ్లి చూశారు, సంతోషం. యానిమే సిరీస్ ఏళ్ల తరబడి నడుస్తుంది. దానికి ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉండే వృత్తి కళాకారులు కావాలి. వాళ్ల పేర్లు తెర మీద తెలుగులో పడాలి.

ఇక సేకరణ గురించి. ఈ సరదా ఎంత పని చేయగలదో చెప్పడానికి గుండం కథ చాలు. మొబైల్ సూట్ గుండం 1979 ఏప్రిల్‌లో జపాను టీవీలో మొదలైంది. ఆదరణ తక్కువగా ఉందని, పోషించిన బొమ్మల కంపెనీ వెనక్కి తగ్గితే 43 భాగాలకే ఆపేశారు. ఆ తర్వాత, 1980 జూలైలో, బందాయ్ సంస్థ ఆ సిరీస్‌లోని భారీ యంత్రాల ప్లాస్టిక్ నమూనాలను అమ్మకానికి పెట్టింది. మొదటి బొమ్మ వెల 300 యెన్లు. ముక్కలు విరిచి, అతికించి, రంగులేసుకుని తయారు చేసుకోవాలి. పిల్లలు దుకాణాల ముందు బారులు తీరారు. సిరీస్‌ను మళ్లీ మళ్లీ ప్రసారం చేశారు, సినిమాలుగా విడుదల చేశారు. ఆగిపోయిన కథ ఇవాళ్టికీ కొత్త సిరీస్‌లుగా నడుస్తోంది. చూసినవాళ్లు, కొన్నవాళ్లు కలిసి దాన్ని బతికించారు.

సేకరించేవాళ్లలో పెద్దపీట సెల్స్‌ది. కంప్యూటర్లు రాకముందు పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీద ముందువైపు గీతలు, వెనకవైపు రంగులు వేసి, దాన్ని నేపథ్య చిత్రం మీద పెట్టి కెమెరాతో తీసేవారు. తెర మీద సెకనులో చిన్న వంతు కనిపించిన ఆ రేకే సెల్. రామాయణం మీద యూగో సాకో అనే జపాను దర్శకుడు తీసిన సినిమాకు అలాంటివి లక్ష వరకు గీశారు. మన దేశపు యానిమేటర్ రామ్ మోహన్ అందులో పాలుపంచుకున్నారు. 1990ల మొదట్లో తయారైన ఆ సినిమా 2025 జనవరి 24న తెలుగు మాటలతో సహా మన థియేటర్లకు వచ్చింది. టోక్యోలో నకానో బ్రాడ్‌వే అనే పాత సముదాయంలో మందరాకే దుకాణాలకు వెళ్తే సెల్స్‌ను విడివిడిగా అమ్ముతారు. 1980లో పాత మాంగా పుస్తకాల కొట్టుగా అక్కడ మొదలైన సంస్థ అది. సెల్ కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. గాలి చొరకుండా బిగించి దాచకండి. ఆ ప్లాస్టిక్ నెమ్మదిగా ఆమ్లం విడుస్తుంది. వెనిగర్ వాసన వస్తోందంటే చెడిపోవడం మొదలైనట్టే. ఎండ తగలకుండా, చల్లటి చోట, గాలి ఆడేట్టు ఉంచాలి.

మన దగ్గర బొమ్మల సేకరణ ఖరీదైన వ్యవహారం. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అందుకే నకిలీలు జోరుగా అమ్ముడవుతాయి. రంగు అంచులు దాటి ఉంటే, పెట్టె మీద అచ్చు మసకగా ఉంటే, ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే ఆ బొమ్మ జోలికి పోకండి. డబ్బు తక్కువ ఉన్న పిల్లలకు నేను ఇచ్చే సలహా మాంగా సంపుటాలు కొనుక్కోమని. మన దేశపు ధరల్లో దొరుకుతున్నాయి, పదిమంది చదువుకోవచ్చు.

ఇన్ని సేకరిస్తున్నాం కదా, గొంతులను ఎవరు సేకరిస్తున్నారు? జపానులో 1973లో డోరేమాన్ మొదటిసారి టీవీకి వచ్చింది, ఇప్పుడు మనకు తెలిసిన సిరీస్ కాదు. ఆరు నెలలు నడిచింది. మొదట డోరేమాన్‌కు కోసెయి తొమితా అనే ఆయన గొంతు ఇచ్చారు, తర్వాత ఇందాక చెప్పిన మసాకో నొజావా. తీసిన స్టూడియో మూతపడింది. ఫిల్ములు చాలావరకు కనబడకుండా పోయాయి. కొంతైనా మిగిలిందంటే, అప్పుడు అందులో పనిచేసిన ఒకరు కొన్ని రీళ్లు దాచి ఉంచడం వల్ల. జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కూడా తొలినాళ్లలో టేపుల ఖర్చు భరించలేక పాత కార్యక్రమాల మీదే కొత్తవి రికార్డు చేసేది. ఇప్పుడు, మీ ఇళ్లలో పాత రికార్డింగులు ఉంటే ఇవ్వండి అని ప్రేక్షకులనే అడిగి తీసుకుంటోంది.

అక్కడే అలా జరిగితే, మన పాత తెలుగు డబ్బింగుల గతి ఏమిటి? ఛానెళ్లలో ప్రసారమైన తొలి తెలుగు డోరేమాన్, షిన్‌చాన్ భాగాలను డిస్కులుగా కొనుక్కుందామని నేను వెతికాను, ఎక్కడా దొరకలేదు. వాటిలో పిల్లల గొంతులు చెప్పిన అక్కలెవరో, మాటలు రాసినవారెవరో చెప్పే జాబితా కూడా నా కంట పడలేదు. ఒక తరం పిల్లలకు తెలుగు నేర్పిన గొంతులవి. ఇతర రాష్ట్రాల్లో, విదేశాల్లో పెరిగిన కొందరు తెలుగు పిల్లలకు ఇంటి బయట వినిపించిన తెలుగు అదే.

శ్రోతలకు నాదొక విన్నపం. మీ ఇంట్లో పాత వీడియో క్యాసెట్ల మీదో, కంప్యూటర్లోనో ఆ రోజుల్లో రికార్డు చేసుకున్న తెలుగు కార్టూన్ కార్యక్రమాలుంటే చెత్తలో వేయకండి. క్యాసెట్లయితే నిలువుగా, తేమ తగలని చోట పెట్టండి. పైన తేదీ, ఛానెల్ పేరు రాయండి. ఆ డబ్బింగుల్లో మీరో, మీకు తెలిసినవారో గొంతు ఇచ్చి ఉంటే, ఏ పాత్రకు, ఏ సంవత్సరంలో, ఏ స్టూడియోలో చెప్పారో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఇవాళ తెలుగులో యానిమే చూసే యువతీయువకులు సినిమా అయిపోగానే లేచిపోకుండా చివరి పేర్లు చదవండి. తెలుగు కళాకారుల పేర్లు కనిపించకపోతే, వేయమని ఆ సంస్థలకు ఉత్తరం రాయండి. ఒక్క ఉత్తరానికి కదలకపోయినా, వందల ఉత్తరాలు వస్తే కదులుతారు.